బతికున్న తాతకు చావు దరువు

బతికున్న మనిషి కోసం ఊరంతా కలిసి ఏడవడం మీరెప్పుడైనా చూశారా? నేను చూడడమే కాదు, దగ్గరుండి ఏడిపించాను. మెడకు డప్పు తగిలించుకుని, ఒళ్లంతా హుషారుతో మరీ ఏడిపించాను.

మాది బేస్తవారిపేట దగ్గర పల్లె. ఆదివారం చర్చిలో డోలక్, మిగతా రోజుల్లో డప్పు వాయించేవాణ్ణి. ఎవరో నా వీడియో చూసి, దేశదేశాల జానపద వాద్యకారులు ఫోన్‌లో మాట్లాడుకునే గ్రూపులో నన్ను చేర్చారు. ఐర్లండులో జరిగే పాటల పండక్కి ఆ గ్రూపులోంచి మన దేశం తరఫున ఒక్కరినే పిలుస్తారట. ఆ ఒక్కడూ నేనేనని నాకు నేనే తీర్మానించుకుని, ఊళ్లో అందరికీ చెప్పి, చలికోటు కూడా కొన్నాను. మా ఎండల్లో ఆ కోటు వేసుకుని అద్దం ముందు నిలబడితే చెమటతో పాటు గర్వం కూడా కారేది.

ఆ సాయంత్రం వీడియో కాల్ మొదలైంది. ఇంట్లో సిగ్నల్ రాదు కాబట్టి వాకిట్లో బండి సీటు మీద ఫోన్ నిలబెట్టాను. ఐర్లండు ఫిడేలు ఆవిడ, "మా వైపు మనిషి పోతే పాడే పాటలు వేరే ఉన్నాయి" అని ఒక రాగం తీసింది. మాలి దేశపు డోలు ఆయన, "మాకూ ఒక దరువు ఉంది" అని వాయించాడు. నాకిక ప్రాణం ఆగలేదు.

"మీ దగ్గర ఉందా?" అని ఫిడేలు ఆవిడ అడిగింది. పండక్కి మనుషులను ఎంచేది ఆవిడే.

"ఉందా అని అడుగుతారేంది మేడం, మా చావు దరువు వింటే పోయినోడు లేచి వస్తాడు" అన్నాను నాకొచ్చిన ఇంగ్లీషులో.

డప్పు తోలు బిగియాలంటే మంట దగ్గర కాచాలి కదా. వాకిట్లో ఇంత చొప్ప వేసి ముట్టించాను. డప్పు కాచి దరువు అందుకున్నాను. ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. మా ఊళ్లో ఇంటి ముందు మంట వేసి ఆ దరువు కొట్టారంటే దానికి ఒకటే అర్థం. మా అమ్మ వాళ్ల నాయన, అంటే మా తాత, ముందురోజే మార్కాపురం ఆస్పత్రి నుంచి వచ్చి లోపల మంచం మీద పడుకున్నాడు. ఆ సంగతి ఊరంతటికీ గుర్తుంది, నాకు తప్ప.

కళ్లు మూసుకుని వాయించి, తెరిచేసరికి వాకిలి నిండా జనం. ఒకాయన పూలదండ కూడా తెచ్చాడు. పాస్టరుగారు బైబిలుతో వచ్చేశారు.

"ఎప్పుడు పోయినాడు అబ్బాయ్?" అన్నారాయన నా భుజం తట్టి.

"ఎవురు అయ్యగారూ?" అన్నాను.

ఆయన జవాబు చెప్పేలోపే తాత పెద్ద కూతురు, మా పెద్దమ్మ, పక్క వీధి నుంచి జుట్టు విరబోసుకుని పరుగెత్తుకొచ్చింది. శోకాలు పెట్టడంలో పెద్దమ్మను మించినవాళ్లు గిద్దలూరు దాకా లేరు.

"ఓ నాయనో... పొద్దున సంగటి తింటివి గదా నాయనో... సూడిబర్రెను నాకిస్తానంటివి గదా నాయనో... ఇయ్యకుండనే పోతివా నాయనో..."

ఫోన్‌లో ఐర్లండు ఆవిడ కళ్లు తుడుచుకుంటోంది. మాలి ఆయన లేచి నిలబడ్డాడు. ఆపితే ఐర్లండు పోతుంది, ఆపకపోతే పరువు పోతుంది. నేను ఐర్లండు వైపే మొగ్గాను. పెద్దమ్మ రాగానికి దరువు కలిపాను.

అప్పుడు దుప్పటి కప్పుకుని తాత బయటికొచ్చాడు. "ఎవురు పోయినారు అయ్యగారూ?" అని అడిగాడు.

పాస్టరుగారు బైబిలు చంకలో పెట్టుకున్నారు. తాత శోకం కాసేపు విని, "ఏమ్మే, బర్రెనిస్తానని నేనెప్పుడు అంటి?" అన్నాడు.

పెద్దమ్మ తల ఎత్తి చూసింది. అయినా రాగం తప్పలేదు. "మొన్న ఎండాకాలం అంటివి గదా నాయనో..."

"అనలే."

"అంటివి గదా నాయనో..."

తాత నా వైపు తిరిగాడు. "నువ్వేందిరా ఇంత నీరసంగా కొడ్తాండావు? నా సావుకు ఇట్లనే కొడితే పెట్టెలోంచి లేచొచ్చి తంతా."

ఫోన్‌లో చప్పట్లు మోగాయి. "నువ్వు చెప్పినట్టే పోయిన మనిషి లేచి వచ్చాడే" అని ఐర్లండు ఆవిడ తెగ పొంగిపోయింది. నేను అప్పుడే మనసులో విమానం ఎక్కేశాను.

వారం తిరక్కుండా ఆవిడే ఫోన్ చేసింది. "ఆ పాడిన తల్లిని పంపించండి. చోటు ఒక్కరికే ఉంది."

పెద్దమ్మ నా చలికోటు వేసుకుని ఐర్లండు పోయి వచ్చింది. పోయేముందు బర్రెను కూడా తోలుకుపోయింది.

ఈ డప్పు మీద ఒట్టేసి చెబుతున్నాను. ఇంట్లో అందరూ బతికే ఉన్నారో లేదో తొంగి చూసుకోకుండా ఇక ఆ దరువు ముట్టను. పెద్దమ్మకు వినబడేంత దూరంలో అసలే ముట్టను.