తలకిందుల ఆకు

ఆ ఆఫీసులో ఆయన్ని అందరూ కొలబద్ద గారు అంటారు. మొహం మీదే అంటారు, ఆయనా పలుకుతాడు. విశ్వవిద్యాలయం మూడు నెలలకోసారి వేసే వృక్షశాస్త్ర పరిశోధన పత్రికకి ఇరవై ఆరేళ్లుగా పేజీలు కూర్చేది ఆయనే. వృక్షశాస్త్రం ఒక్క ముక్క రాదు. రాకపోవడమే తన అర్హత అంటాడు. అర్థం తెలిసినవాడు చదువుకుంటూ కూర్చుంటాడట, పేజీ వంకర ఇంకెవడు చూస్తాడని ఆయన ప్రశ్న.

చూడడానికి ఆయనకో పద్ధతుంది. అచ్చు తీసిన పేజీని తలకిందులుగా పట్టుకుని కళ్లు చికిలిస్తాడు. తిరగబడ్డ అక్షరాల్ని చదవబుద్ధి కాదు కాబట్టి నలుపు ఎక్కడ బరువైందో, తెలుపు ఎక్కడ బోసిపోయిందో ఇట్టే తెలుస్తుంది. అలా చూసి చూసి, పత్రికలో పడ్డ బొమ్మలన్నీ ఆయన బుర్రలో తలకిందులుగానే ఉండిపోయాయి.

ఒక బుధవారం పొద్దున కొత్త సంచికలో నలభై మూడో పేజీ చేతిలోకి తీసుకున్నాడు. ఇంకా తిప్పనే లేదు, అందులో ఫోటో పాత చుట్టంలా పలకరించింది. సూక్ష్మదర్శినిలో తీసిన ఆకు కోత, అంటే సన్నగా కోసిన ఆకు ముక్క. ఎడమ మూల చిన్న గాలిబుడగ, దాని కింద వెంట్రుకంత గీత. అల్మరాలోంచి నాలుగేళ్ల కిందటి సంచిక తీసి తిరగేసి పట్టుకున్నాడు. అదే బుడగ, అదే గీత. అప్పుడు దాని కింద రాసింది తెగులు సోకిన ఆకు అని. ఇప్పుడు రాసింది మందు చల్లాక కోలుకున్న ఆకు అని. ఆకు కోలుకుంటే సంతోషమే, కానీ అదే బుడగతో కోలుకోవడం కుదరదు.

రెండు వ్యాసాలూ ఆయన మేనకోడలివే. ఆరేళ్లుగా కాలేజీలో తాత్కాలికంగా పాఠాలు చెప్తోంది. మరో నెలలో పర్మనెంటు ఉద్యోగానికి ఇంటర్వ్యూ ఉంది, దానికి రెండు వ్యాసాలు అచ్చయి ఉండాలి. ఇది రెండోది. మొదటి పేజీలో ఆ పిల్ల పేరు కూర్చేటప్పుడు అక్షరాలు రెండుసార్లు సరిచూసుకుని లోలోపల మురిసిపోయాడు కూడా.

ఇలాంటి అనుమానాలకి ఆ ఆఫీసులో రెండు దారులున్నాయి. ఒకటి, బొమ్మ పక్కన పెన్సిల్‌తో సున్నా చుట్టి, రాసినవాళ్లకి ఫోన్ చేసి, బొమ్మ ఇదేనా, ఒకసారి చూసుకోండి అనడం. నూటికి తొంభైమంది నాలిక కరుచుకుని అసలుది పంపిస్తారు. రెండోది, ఎడిటర్‌కి ఉత్తరం రాసివ్వడం. ఉత్తరానికి నంబరు పడిందంటే ఇక ఎవరి చేతిలోనూ ఉండదు. వ్యాసం ఆగిపోతుంది, బయటి శాస్త్రవేత్తలు ఇద్దరు విచారణ చేస్తారు. ఇన్నేళ్లలో కొలబద్ద గారు ఉత్తరం రాసింది రెండేసార్లు. రెండూ పేరాలకి పేరాలు ఎత్తి రాసినవాళ్ల మీద.

ఆయన ఫోన్ చేతిలోకి తీసుకుని మళ్లీ పెట్టేశాడు. మేనమామ దగ్గరుండి బొమ్మ మార్పించాడని రేపు ఎవరైనా అంటే? పక్క టేబుల్ ఆయనకి పేజీ అప్పగించి తప్పుకోవచ్చు, ఆ ఫోనేదో ఆయనే చేస్తాడు. ఆ ఆలోచన రాలేదో, వచ్చినా చాల్లేదనిపించిందో, మొత్తానికి ఉత్తరమే రాశాడు. రచయిత్రి తన చెల్లెలి కూతురనీ, ఈ వ్యాసం పనినుంచి తనని తప్పించాలనీ కింద చేర్చాడు. ఎడిటర్ మేడం రెండుసార్లు చదివి, ఆలోచించే రాశారా అని మాత్రం అడిగింది. ఆలోచించే రాశానన్నాడు. నంబరు పడింది.

ఆఫీసు ఆఫీసంతా మెచ్చుకుంది. మెచ్చుకున్నవాళ్లకి పోయేదేముంది? పరిశోధనలో నైతికత మీద పెట్టిన సదస్సులో డీన్ గారు నలభై నిమిషాలు మాట్లాడి, సొంత మేనకోడలినైనా ఉపేక్షించని ఉద్యోగి మన మధ్యే ఉన్నాడని వేలు చూపించాడు. చప్పట్లు మోగాయి. కొలబద్ద గారు లేచి దండం పెట్టాడు.

విచారణకి పది వారాలు పట్టింది. మేనకోడలు ఒక పేజీలో సంజాయిషీ రాసింది. వ్యాసం రాసేనాటికి అసలు ఫోటో ల్యాబ్ నుంచి రాలేదు. చోటు పట్టి ఉంచడానికి తన పాత ఫోటో పెట్టి, మార్చడం మర్చిపోకుండా తలకిందులుగా పెట్టింది. తర్వాత మర్చిపోయింది. అది కొలబద్ద గారి ఆఫీసులో ఎప్పట్నుంచో ఉన్న అలవాటే, చిన్నప్పుడు సెలవుల్లో మావయ్య పక్కన కూర్చుని నేర్చుకుంది. మనిషి బొమ్మయితే ఎవరి కంట్లోనైనా పడేది. ఆకు కోతకి తలేది, కాళ్లేవి? పేజీ తిప్పకముందే కొలబద్ద గారు ఆ ఫోటోని గుర్తుపట్టింది అది తలకిందులుగా ఉండబట్టే, ఆ సంగతి ఆయనకీ తట్టలేదు. అసలు ఫోటో తేదీతో సహా జతచేసింది. ఇది అజాగ్రత్తే కానీ మోసం కాదు, బొమ్మ మార్చి వేసుకోండి అని విచారణ చేసినవాళ్లు తేల్చారు.

ఈలోగా ఇంటర్వ్యూ అయిపోయింది. రెండో వ్యాసం ఏదని అడిగితే విచారణలో ఉందని చెప్పింది. ఆ తర్వాత ఆ గదిలో ఆమెని ఎవరూ ఏమీ అడగలేదు. ఉద్యోగం ఇంకొకరికి వెళ్లింది.

విచారణ తేలిన వారం, ఆదివారం మధ్యాహ్నం మేనకోడలు ఆయన ఇంటికి వచ్చింది. చెప్పులు విప్పి, కూర్చోకుండా గుమ్మం దగ్గరే నిలబడింది.

"మావయ్యా, ఒక్కటి అడుగుతాను. ఆ వ్యాసం ముక్కూమొహం తెలియనివాళ్లదైతే ఏం చేసేవాడివి?"

"అది కాదమ్మా, బంధుత్వం ఉన్నప్పుడు..."

"బంధుత్వం లేదనుకో."

ఆయన గోడకేసి చూశాడు, కిటికీకేసి చూశాడు. అబద్ధం చెప్పడానికి చోటు దొరకలేదు.

"ఫోన్ చేసేవాణ్ణి."

"పెన్సిల్‌తో ఒక సున్నా, ఒక ఫోన్. అంతేగా?"

"అంతే."

ఆమె ఏడవలేదు, తిట్టలేదు. "ఆ మాట అమ్మకి చెప్పు. మా అన్నయ్య మచ్చలేని మనిషి, కడుపున పుట్టిందే పరువు తీసిందని నెలన్నరగా నా ఎదుటే అంటోంది. నేను చెప్తే సాకంటుంది" అని చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది.

కాఫీ కప్పులతో వచ్చిన భార్య ఏమైందని అడిగింది. చెల్లెలింటికి వెళ్లొస్తానని ఆయన చొక్కా తగిలించుకున్నాడు.

చెల్లెలు ఎదురొచ్చి, ఆ పిల్ల చేసిన పనికి నీ ముందు తలెత్తుకోలేకపోతున్నాను అన్నయ్యా అంటూ మొదలుపెట్టింది. ఆయన మధ్యలో ఆపాడు. పెన్సిల్ సున్నా సంగతీ, ఉత్తరం సంగతీ, పక్క టేబుల్ సంగతీ, అన్నీ వరసగా చెప్పాడు. పరాయివాళ్లకి ఇచ్చే అవకాశం సొంత పిల్లకి ఇవ్వలేదని చెప్పాడు.

"బొమ్మ మార్చకపోవడం దాని తప్పు. నా పేరు చెడకూడదని దాన్ని బోనెక్కించాను. అది నా తప్పు."

చెల్లెలు కుర్చీ లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుంది.

"ఇప్పుడు చెప్తే ఉద్యోగం వస్తుందా?"

"రాదు."

"మరి సభలో చప్పట్లు కొడుతుంటే ఎక్కడికి పోయింది ఈ నోరు?"

ఆయన వెళ్తానని లేవబోతే చెల్లెలు ఒక చేత్తో కూర్చోమని సైగ చేసి, రెండో చేత్తో కూతురికి ఫోన్ కలిపింది.

"ఎక్కడున్నావే? ఇంటికి రా. మీ మావయ్య ఇక్కడే ఉన్నాడు. నువ్వొచ్చాక నీ ముందు మళ్లీ మొదట్నుంచి చెప్పిస్తాను."