చిన్నాన్న పళ్ళకో హెల్మెట్

భిలాయికి జనం పెళ్ళిళ్ళకి వెళ్తారు, ఉద్యోగాలకి వెళ్తారు. నేను మాత్రం ఒక ప్లాస్టిక్ ముక్క కోసం వెళ్ళాను. అక్కడి రిసాలి పేట నుంచి మా పిన్ని ఫోన్ చేసి, "మీ చిన్నాన్న నిద్రలో పళ్ళు కొరుకుతున్నారే. దవడపన్ను అంచు కూడా విరిగిపోనాది. పళ్ళ డాక్టరమ్మ నైట్ గార్డు ఇస్తే పెట్టుకోరు. నువ్వూ వాడతావు కదా, ఒకసారొచ్చి చెప్పవే" అంది. నిజమే, నేనూ ఆ బాపతే. రోజూ పడుకునే ముందు పై పళ్ళకి ఆ తొడుగు పెట్టుకోవాల్సిందే. మాటల్లో అసలు సంగతి బయటపడింది. ఆ పటపట శబ్దం భరించలేక పిన్ని ఏళ్ళ తరబడి హాల్లో దివాన్ మీద పడుకుంటోందట. అసలే నడుం నొప్పి మనిషి! నాకు ఒళ్ళు మండింది. పిన్నిని తన గదిలోకి పంపించేదాకా తిరిగి రాకూడదనుకుని టికెట్ తీశాను.

విశాఖలో రాత్రి బండెక్కితే పొద్దున టిఫిన్ వేళకి రాయపూర్. అక్కడ లోకల్ బండి మారి గంటలోపే భిలాయి పవర్ హౌస్ స్టేషన్లో దిగాను. లోకల్ టికెట్ టీ ఖర్చుని మించదు. స్టేషన్ బయట వేడివేడి అటుకుల పోహా, జిలేబీ తిన్నాక ప్రాణం లేచొచ్చింది. రిసాలికి ఆటో అతను నూట యాభై అన్నాడు. "నేను ఇక్కడే పెరిగాను భయ్యా, వంద ఇస్తాను" అన్నాను హిందీలో. "ఇక్కడ పెరిగినవాళ్ళు షేర్ ఆటో ఎక్కుతారు దీదీ" అన్నాడు. ఆ నూట యాభైకే ఎక్కాను. ఆగే ఓపికుంటే మీరు షేర్ ఆటోనే ఎక్కండి.

తలుపు తియ్యగానే ఎదురుగా దివాన్, దాని మీద మడతపెట్టిన దుప్పటి. చిన్నాన్న స్టీల్ ప్లాంటులో, రైలు పట్టాలు చేసే మిల్లులో ఫోర్‌మన్‌గా రిటైరయ్యాడు. "ఏటే గుంటా, నా పళ్ళు చూడ్డానికి ఇంత దూరం వొచ్చీసేవా?" అంటూ ఎదురొచ్చాడు. గార్డు ఎందుకు పెట్టుకోవడం లేదని అడిగితే తెచ్చి చేతిలో పెట్టాడు. ఓలమ్మో! వేయించిన అప్పడంలా వంకర్లు తిరిగిపోయి ఉంది.

"ఇలా ఎవరు పాడుచేశారు?" అన్నాను.

"పాడు చెయ్యడమేటే? మనవడు ఇక్కడున్నన్నాళ్ళూ వాడి పాలసీసాల్తో పాటు రోజూ శుభ్రంగా మరగబెట్టేదాన్ని" అంది పిన్ని.

నవ్వాపుకోలేకపోయాను. వేడినీళ్ళు తగిలితే అది మెత్తబడి ఆకారం పోతుందని చెప్పేసరికి పాపం పిన్ని ముఖం చిన్నబోయింది. చిన్నాన్న మాత్రం తాపీగా, "నాకు తెలుసు. వేడి తగిల్తే రైలు పట్టాయే వంగుతాది, ఇదో లెక్కా?" అన్నాడు.

"మరి చెప్పలేదేం?"

"చెప్తే పెట్టుకోమంటారు కదా!"

పిన్ని చేతిలో గరిటె ఉంది. విసరలేదు గానీ, విసిరినంత పనైంది.

ఆ సాయంత్రమే సెక్టార్ మార్కెట్లో డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్ళాను. ఆ అమ్మాయి ఇక్కడే పుట్టిన తెలుగుపిల్ల. "అంకుల్, యే తో గయా! ఇదింక పనికిరాదు. కొత్తగా కొలత తీస్తాను, ఎల్లుండి షామ్ ఆరింటికి రండి" అంది. మూడున్నర వేలైంది. ఒక్కోచోట ఒక్కో రేటు, ముందే అడగండి. తయారవడానికి రెండు రోజులు పడుతుంది కాబట్టి తిరుగు టికెట్ దాన్నిబట్టి తీసుకోండి.

కొత్తది పళ్ళకి అతికినట్టు సరిపోయింది. ఇంటికి రాగానే చిన్నాన్న మళ్ళీ మొదలు. "నోట్లో చెప్పు పెట్టుకున్నట్టుందే. రేపు చూద్దాం." నా బండి చూస్తే మర్నాడే. నేను వెళ్ళానంటే అది అటకెక్కుతుంది! ఉక్రోషంతో ముఖం తిప్పుకుంటే తలుపు వెనక మేకుకి ఆయన పసుపుపచ్చ ప్లాంటు హెల్మెట్ కనిపించింది. ఇప్పటికీ వారం వారం తుడుస్తాడు. హెల్మెట్ లేకుండా డ్యూటీకొచ్చాడని సొంత బావమరిదినే, అంటే మా పిన్ని తమ్ముణ్ణే, గేటు నుంచి వెనక్కి పంపేసిన ఘనుడు. గార్డు డబ్బీకి తాడు కట్టి అదే మేకుకి తగిలించాను.

"డ్యూటీ సామాను ఒకచోటే ఉండాలి చిన్నాన్నా" అన్నాను.

పిన్ని లేచి వెళ్ళి పడగ్గది గుమ్మానికి చేతులడ్డం పెట్టి నిలబడింది. "హెల్మెట్ లేదని ఆ రోజు మా తమ్ముణ్ణి లోపలికి రానివ్వలేదు. ఇప్పుడీ గేటు నాది. పెట్టుకుని రండి, లేపోతే ఆ దివాన్ మీద మీరే పడుకోండి."

రూలు తనదే మరి! బుద్ధిగా పళ్ళు తోముకుని, గార్డు పెట్టుకుని, నోరు తెరిచి చూపించాడు. పిన్ని కళ్ళజోడు పెట్టుకుని మరీ చూసి దారిచ్చింది, వెనకే తనూ లోపలికెళ్ళింది.

పొద్దున నేను పక్క గదిలోంచి వచ్చేసరికి ఎండ వరండా ఎక్కింది. దివాన్ మీద దుప్పటి మడత విప్పలేదు. పాలప్యాకెట్లు ఇంకా గుమ్మంలోనే ఉన్నాయి. పిన్ని జుట్టు ముడేసుకుంటూ గదిలోంచి వచ్చి, "ఓలమ్మా, ఎంత పొద్దెక్కిపోనాదే! ఒళ్ళు తెలీకుండా పడుకుండిపోనాను" అంది. ఆవిణ్ణి గట్టిగా వాటేసుకున్నాను. కుళాయి దగ్గర చిన్నాన్న చల్లనీళ్ళ కింద మెత్తటి బ్రష్‌తో గార్డు తోముతున్నాడు. "నువ్వు దూరంగుండు. దీన్ని స్టవ్ దగ్గరికి రానిచ్చేది లేదు" అని పిన్నికి వార్నింగొకటి.

తిరుగు బండిలో కిటికీ పక్కన కూర్చుని ఒక్కదాన్నే నవ్వుకున్నాను. పిన్ని ఇన్నేళ్ళూ మేం వెళ్ళినప్పుడల్లా మాకంటే ముందే లేచి దుప్పటి మడతపెట్టేసి, ఎవరికీ తెలియకుండా నెట్టుకొచ్చిందని తల్చుకుంటే కళ్ళు చెమర్చాయి కూడా. పనిగట్టుకుని అంత దూరం వెళ్ళి నేను చేసిందల్లా ఒక డబ్బీని మేకుకి తగిలించడమే. గెలిచింది మా పిన్ని. అయినా నాకెంత గర్వంగా ఉందో చెప్పలేను.

గార్డు వాడేవాళ్ళకి ఒక్కటే చెప్తాను. లేవగానే చల్లనీళ్ళతో కడిగి, ఆరనిచ్చి, గాలాడే డబ్బీలో పెట్టి, రోజూ మీ కంటపడే చోట ఉంచండి. మా పిన్ని ఇంటికి వెళ్ళేవాళ్ళు మాత్రం ఒక చాప కూడా పట్టుకెళ్ళండి. హాల్లో దివాన్ ఎవరికో ఇచ్చేశారట.