పెంకుతో కొన్న చిల్గోజాలు

నా చిన్నప్పుడు శంషాబాద్‌లో నా అంత గట్టిగా బేరమాడేవాళ్లు లేరు. ఒక్క బేరంతో మా తాత కిరాణా దుకాణాన్ని రోజంతా మూయించిన ఘనత నాది.

పహాడీ షరీఫ్ దగ్గరి మిఠాయి వ్యాపారి ఒకాయన, పెళ్లి మిఠాయిల కోసం ఒలిచిన చిల్గోజా పప్పు, అదే పైన్ చెట్ల గింజల పప్పు, కావాలన్నాడు. ఎల్లుండి పొద్దున్నే ఇస్తామని తాత మాటిచ్చాడు. మర్నాడు పట్నం నుంచి ఎండుపండ్లు అమ్మే ముసలాయన మొదటి బస్సుకు దిగేసరికి తాత స్నానానికి వెళ్లాడు, గల్లా దగ్గర నేనున్నాను. ఆయన దగ్గర ఒలిచిన పప్పూ ఉంది, పెంకుతో గింజలూ ఉన్నాయి. పప్పు ధర విని, బాదం కన్నా ఇంత ఎక్కువెందుకని ఎగిరాను. ఆయన ఓపికగా చెప్పాడు. చలికొండల్లో ఎత్తైన చెట్లెక్కి కాయలు తెంపాలి. చేతులకు జిగురంటుకుంటే ఒక పట్టాన వదలదు. ఎండబెట్టి ఒక్కో గింజా ఏరాలి. చెట్టు కాపుకొచ్చేసరికి నాటినవాడు ముసలివాడవుతాడు.

"కొండల ముచ్చట నాకెందుకు చాచా, ధర జెప్పు" అన్నాను.

పెంకు గింజలకు ఆయన చెప్పిన ధరలో మూడో వంతు తెగ్గొట్టి, పెంకు బరువు పోతుందని కొంచెం ఎక్కువే తూయించుకున్నాను. అంత తెలివి నాకు.

తాత వచ్చి చూశాడు. తిట్టలేదు. దుకాణం తలుపులు దగ్గరికి వేసి, చాప పరిచి కూర్చున్నాడు. తూకం రాయితో గట్టిగా కొడితే పప్పు నలిగిపోతుంది, మెల్లగా కొడితే పెంకు పగలదు. చివరికి గోళ్లతో ఒలవడమే దిక్కయింది. పక్కూరు సాతంరాయిలో టమాట తోట కూలికి పోతూ చాయపత్తి కోసం వచ్చిన పక్కింటి అక్కను, జర సేపు కూర్చొమ్మని మా అమ్మ పిలిచింది. ఆ జర సేపు దీపాలు పెట్టేదాకా సాగింది. ఆమె కూలి డబ్బులు వస్తేనే ఆ రాత్రి వాళ్లింట్లో బియ్యం.

మాట నిలిచింది, పప్పు సరిపోయింది. అక్క లేచి ఒడి దులుపుకుంటే, విరిగిన పలుకులు గుప్పెడు ఆమె చేతిలో పోశాను.

"గిదేంది?" అన్నాడు తాత.

"అక్క మనింటి మనిషే గదా తాతా."

"మనింటి మనిషైతే ఆమె కుండల బియ్యం మనమే పోస్తున్నమా?"

"ఉండనీ బాపూ, ముచ్చట్లు పెట్టుకుంటనే ఒలిచిన" అంది అక్క.

"ముచ్చట్లకు గాదు బిడ్డా, గోర్లకు ఇస్తున్న."

నేను డబ్బు దాచుకున్న డబ్బా తెప్పించి, అందులోంచే ఆమె రోజు కూలి లెక్కపెట్టి ఇచ్చాడు. నేను ఏడిస్తే ఊరుకోబెట్టలేదు.

ఇప్పుడు విమానాశ్రయం దారి పక్కన పెద్ద దుకాణంలో చిన్న డబ్బాలో చిల్గోజాలు పెడతారు. ధర చూసి జనం గుడ్లు తేలేస్తారు. ఆటోకీ, కూరగాయలకీ, ఇంటి కిరాయికీ ఈనాటికీ బేరమాడుతూనే ఉన్నాను, అలసిపోయినా మానలేదు. ఎవరో చేతులతో ఒలిచిన వస్తువు ముందు మాత్రం నోరు లేవదు. ఆ రోజు లెక్క నాకింకా కంఠతా వచ్చు. ధరలో మిగిలింది పెంకులోనూ తాలు గింజల్లోనూ పోయింది. పైన అక్క కూలి. దుకాణం ఒకరోజు అమ్మకం. నేను తగ్గించిన ధరకు ఆ ముసలాయన ఏం తిన్నాడో తెలియదు, అది వేయలేదు. అక్క బొటనవేలి గోరు సగానికి చీలింది, అదీ వేయలేదు. అవి వేయకుండానే నష్టం.