విషయసూచికలో ఐదో అంకె

దెయ్యాల కబుర్లు ఎవరైనా ఎత్తితే లేచి చాయ్ తాగడానికి పోయే రకం నేను. ఇప్పటికీ అంతే. అందుకే ఇది రాయాలంటే కొంచెం సిగ్గుగా ఉంది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, నిజామాబాద్‌లో పుస్తకాలను కంప్యూటర్‌లోకి ఎక్కించే ఒక చిన్న ఆఫీసులో పనిచేసేవాణ్ని. బోధన్ దగ్గర మా ఊరి మెథడిస్టు సంఘం సభ్యుల సాక్ష్యాలతో పుస్తకం వేయాలనుకుంది. దేవుడు తమకు చేసిన మేలును ఒక్కొక్కరు ఒక్కో అధ్యాయంగా చెప్పారు. ముందు బాప్తిస్మం తీసుకున్నవారిది ముందు. ఆ వరస పాస్టర్ అయ్యగారే పెట్టి ఇచ్చారు.

అందులో మా బాపు లేడు. ఫ్యాక్టరీకి ఎవరి చెరుకు బండి ముందు పోవాలన్న దగ్గర ఒక సంఘపెద్దతో మాటామాటా పెరిగి, ఏండ్లుగా చర్చికి పోవడం మానేశాడు. వాళ్లు పిలవలేదు, ఈయన పోలేదు. ఆదివారం గంట కొడితే మాత్రం తెల్లబట్టలు కట్టుకుని అరుగు మీద కూర్చునేవాడు.

పుస్తకాన్ని ఎక్స్‌ఎంఎల్‌లో పెట్టాను. అంటే ఇది అధ్యాయం, ఇది దాని పేరు అని ప్రతి ముక్కకూ గుర్తు తగిలించడం. స్టైల్‌షీట్ అనే చిన్న ప్రోగ్రాం ఆ గుర్తులను చూసి పేర్లన్నీ ఏరుకుని, వరస అంకెలు వేసి, విషయసూచికను తనే తయారుచేస్తుంది. ఉన్నవాటినే లెక్కపెడుతుంది. లేనిదాన్ని లెక్కపెట్టడం దానికి చేతకాదు.

మధ్యాహ్నం నడిపిస్తే నాలుగు తర్వాత ఆరు వచ్చింది. నడుమ ఒక ఖాళీ వరస. ఫైలంతా గాలించాను, ఖాళీ అధ్యాయమేదీ లేదు. పక్క కంప్యూటర్‌లోనూ అంతే. స్టైల్‌షీట్ మొత్తం కొత్తగా రాసినా అంతే. విసుగొచ్చి అలాగే ప్రింటు తీసి పాస్టర్ అయ్యగారికి చూపించాను.

ఆయన నాలుగో పేరు చూశారు, ఆరో పేరు చూశారు. "గీ ఇద్దరి నడుమ బాప్తిస్మం తీసుకున్నది మీ బాపే" అన్నారు. ఆ సంగతి నాకు తెలియదు.

మరునాడు వచ్చి బాపు పక్కన అరుగు మీద కూర్చున్నారు. "అన్నా, తప్పు మాదే. నిన్ను అడగకుంట పుస్తకం ఎట్ల ఏస్తం? నీ సాక్ష్యం చెప్పు."

బాపు చెప్పాడు. నేను పసిగుడ్డుగా ఉన్నప్పుడు జ్వరంతో కళ్లు తేలేస్తే, చెరుకు బండి మీద బోధన్ దవాఖానకు తీసుకుపోయాడట. ఆ బండి తోలింది, తర్వాత గొడవపడ్డ ఆ పెద్దాయనే. అది నేనెన్నడూ వినలేదు. వింటూ ఏడ్చేశాను.

ఆ అధ్యాయం చేర్చితే అంకెలు వరసగా వచ్చాయి. అందులో వింతేమీ లేదు. అనుమానం తీరక, బాపు లేని పాత ఫైలునే, పాత స్టైల్‌షీట్‌తోనే మళ్లీ నడిపించాను. నాలుగు తర్వాత ఐదు వచ్చింది. ఖాళీ వరస లేదు. నేను ఒక్క అక్షరం ముట్టుకోలేదు.

తెలిసిన ప్రోగ్రామర్లను అడిగితే నవ్వి ఊరుకున్నారు. ప్రింటు తీసిన కాగితం మాత్రం అలాగే ఉంది. దాన్ని బాపుకు చూపించాను. ఆయన ఆ ఖాళీ మీద వేలు పెట్టి అడిగాడు.

"బస్సుల సీటు మీద దస్తీ ఏసినట్టు, నా జాగ ఎవలు ఆపిండ్రు రా?"

తెలియదన్నాను. బాపు పోయి ఏండ్లయింది, ఇప్పుడడిగినా అదే చెప్తాను.