యాకన్న డిస్కు చావలేదు

కొన్నేళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. గొప్పగా చెప్పుకునేంత బరువేం కాదు, అరచేతిలో పట్టే హార్డ్ డిస్కు. జనగామలో మా కంప్యూటర్ షాపు కౌంటరు మీద, బిల్లులు ఎగిరిపోకుండా పెట్టుకున్నాను. అది చచ్చిపోయిందని చెప్పింది నేనే. అది చావలేదు.

మీకే ఎందుకు చెబుతున్నాను? మీరు మా షాపుకు రారన్న ధైర్యం కావచ్చు.

యాకన్నది లింగాల ఘనపూర్ దగ్గర పల్లె. పెళ్లి వీడియోలు తీసి, ఇంట్లో కంప్యూటర్ మీద తనే ఎడిటింగ్ చేసేవాడు. పాత క్యాసెట్లను కంప్యూటర్లోకి ఎక్కించే కార్డు ఒకటి పెట్టమని సీపీయూ డబ్బా మోసుకొచ్చాడు. మదర్‌బోర్డు మీద రెండు పొడుగు స్లాట్లు. పై దాంట్లో గ్రాఫిక్స్ కార్డు ఉంది, కిందిది ఖాళీ. ఖాళీ కనిపిస్తే కార్డు గుచ్చడమే మా విద్య. బోర్డుతో వచ్చే పుస్తకం తెరవడం మా షాపులో నామోషీ. తెరిస్తే వీడికి పని రాదనుకుంటారు. కార్డు పెట్టాను. ఆన్ చేస్తే వీడియోలున్న డిస్కు కనిపించలేదు.

వైద్యుడిలా డిస్కుకు చెవి ఆనించి విన్నాను. లోపల చక్కగా తిరుగుతోంది. అయినా పెదవి విరిచాను.

“పోయింది యాకన్నా.”

“ఏంది తమ్మీ, పొద్దుగాల ఇంట్ల మంచిగనే నడిచింది గదా.”

“పోయేటోళ్లందరు పొద్దుగాల మంచిగనే ఉంటరు. మీ ఊరి కరెంటు గట్లున్నది మరి.”

“జర ఇంకోపారి సూడరాదే. చిల్పూర్ పెళ్లి మొత్తం అండ్లనే ఉంది. పిల్ల నాయిన మొన్ననే కాలం జేసిండు. ఆ వీడియో కోసమే ఇల్లంత ఎదురుసూస్తున్నరు.”

“లేపనీకి నేనేమన్న దేవుణ్ణా అన్నా?”

నా జోకుకు నేనే నవ్వాను. యాకన్న మర్యాదకు నవ్వాడు. చచ్చినదాన్ని ఇంటికెందుకని డిస్కు నా దగ్గరే వదిలేశాడు.

పక్కనే ఇంకో కంప్యూటర్ ఉంది. దానికి తగిలిస్తే తెలిసిపోయేది. ఎందుకు తగిలించలేదు? తీర్పు చెప్పేశాక సాక్ష్యం చూడటం చిన్నతనం అనిపించింది.

పెళ్లివారు అతన్ని నమ్మలేదు. సరిగ్గా తీయక డిస్కు మీద నెపం పెట్టాడన్నారు. ఆ మాట ఊళ్లకు పాకింది. పెళ్లిళ్లకు పిలవడం మానేశారు. యాకన్న కెమెరా అమ్మేసి పత్తి మిల్లులో చేరాడు.

తర్వాత మహబూబాబాద్ నుంచి ఒకాయన అలాంటి బోర్డే తెచ్చాడు. కార్డు పెట్టాను, డిస్కు మాయం. ఆ మనిషి నోరు మంచిది కాదు కాబట్టి పుస్తకం తెరిచాను. కింది స్లాట్లో కార్డు పెడితే డిస్కు వైరు గుచ్చే పోర్టుల్లో చివరిది పనిచేయదట. రెండింటికీ ఉన్న దారి ఒకటేనట. వైరు పీకి పక్క పోర్టుకు పెడితే చాలు. అప్పుడు యాకన్న డిస్కు తగిలించాను. పెళ్లంతా ఉంది. బరాత్‌లో పిల్ల నాయిన తీన్మార్ ఆడుతున్నాడు. ఏమంత బాగా ఆడలేదు. చివరిదాకా చూశాను.

అప్పుడే ఇచ్చేసి ఉండవచ్చు. ఇస్తే ‘కంప్యూటర్ డాక్టర్’ అన్న నా పేరు పోతుంది. యాకన్న పేరు పోయిన రోజు కడుపునిండా తిన్నవాడిని, నా పేరు పోతుందంటే మాత్రం ముద్ద దిగలేదు. దీన్ని పశ్చాత్తాపం అని పిలుచుకుందామని చాలాసార్లు చూశాను, కానీ ఆ మాటకు నేను సరిపోను. ఇది ఉత్త పిరికితనం.

మొన్న యాకన్న ఫోను చూపించడానికి వచ్చాడు. బిల్లుల మీద డిస్కును గుర్తుపట్టాడు.

“గిది నాదే గదా తమ్మీ. సచ్చినదాన్ని గింకెందుకు పెట్టుకున్నవ్?”

“యాదికి, అన్నా.”

“నువ్వొక్కనివే ఉన్నదున్నట్టు చెప్పినవ్,” అని చాయ్ తాగించి పోయాడు. తాగాను. అదీ ఒప్పుకుంటున్నాను.

క్షమించమని అడగను. మీరు క్షమిస్తే మీ మీదా గౌరవం పోతుంది. డిస్కు బతికే ఉంది. ఈ చిన్న మాట రాయడానికి ఇన్నేళ్లు పట్టింది. రాసి, డిస్కును బిల్లుల మీద నుంచి తీశాను. ఫ్యాను గాలికి బిల్లులు షాపంతా ఎగురుతున్నాయి. ఏరుకోవడం లేదు.