అన్న వద్దన్న కథ

మా రాజపాళయం నుంచి సేత్తూరు పోయే దారిలో ఒక ఏనుగు నన్ను లిఫ్ట్ అడిగిందని చెబితే మా వీధిలో నలుగురు నమ్మారు. అటువంటి నోరు నాది. అందుకే మా పెద్దమ్మ తన కొడుక్కి ఒక అబద్ధం కావలసివచ్చినప్పుడు నేరుగా నా దగ్గరికే వచ్చింది.

ఆ కొడుకు, మా అన్న, పట్టాళం నుంచి పెన్షన్‌తో వచ్చి మిల్లులో కాపలా పనికి చేరాడు. ఊరేగింపుల్లో టపాసులు పేలితే గోడకు ఆనుకుని కూలబడేవాడు. తర్వాత తిండి తగ్గింది, మాట తగ్గింది. ఒక మధ్యాహ్నం మామిడితోపులో, తలెత్తకుండా, "ఇంక బతికి ఏమి చేసేదిరా?" అన్నాడు.

నాకు ఒక్క కథా తోచలేదు. పక్కనే కూర్చుని మాజీ సైనికుల సహాయ నంబరుకు ఫోన్ చేశాను.

అక్కడొక పొరపాటు చేశాను. తమిళంలో మాట్లాడే మనిషిని ఇమ్మన్నాను. మా వాళ్లకు ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. డాక్టర్లంతా గడప అవతలివాళ్లే కదా. ఆవిడెవరో ఓపికగా పలకరించింది. అన్న ఫోన్ చెవికి పెట్టుకుని రాయిలా ఉండిపోయాడు. చివరికి నావైపు తిరిగాడు.

"పట్టాళంలో జరిగిందంతా హిందీలోనేరా. తమిళంలో చెప్పేదానికి నాకు రాదు."

హిందీ వచ్చిన మనిషిని పిలిపించారు. ఎండ వాలేదాకా అన్న మాట్లాడాడు. సగం నాకు అర్థం కాలేదు. అర్థమైన సగం రాయను.

ఆ తర్వాత వారం వారం మదురైలో మనసు డాక్టరు దగ్గరికి వెళ్లడం మొదలుపెట్టాడు. పెద్దమ్మకు దిగులు పట్టుకుంది. స్వాతంత్ర్య దినం నాడు మా బడిలో జెండా ఎగరేసేది అన్నే.

"జెండా ఎత్తేవానికి మనసు సరిలేదంటే మన మానం ఏమయ్యేది? ఏదన్నా చెప్పరా. నీ నోటికి కొరతా?"

ఒక కథ అల్లాను. మదురైలో పోలీసులు మన రాజపాళయం జాతి కుక్కల్ని పెంచుతున్నారు, వాటికి హిందీలో ఆజ్ఞలు నేర్పేది అన్నే, అని. అన్న విని చాలా నెలల తర్వాత నవ్వాడు.

"కథ బాగుండాది. నాకు వద్దు."

జెండా ఎగరేశాక మిఠాయిలు పంచుతుంటే, బడి కమిటీ పెద్ద, మాకు మామ వరస, అడిగాడు. "మదురైలో వారం వారం ఏమి పని అల్లుడూ?"

నేను నోరు తెరిచాను. అన్న నా భుజం నొక్కాడు.

"మనసు డాక్టరుకు చూపించుకుంటా ఉండాను మామా. చచ్చిపోదామని ఉండె. ఇప్పుడు అట్ల లేదు."

"ఇదంతా నలుగురిలో చెప్పేదా?"

"నీ షుగరు సంగతి నువ్వు రోజూ నలుగురిలో చెప్తావే. నేనేమన్నా అన్నానా?"

ఎవరో కిసుక్కుమన్నారు. మామ ముఖం ముడుచుకున్నాడు. "సరి. వచ్చే ఏడు జెండాకు వేరేవాళ్లను చూస్తాము."

"చూడండి. నేను మాత్రం మదురై పోయేది మాననే మానను."

పెద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇంతలో మంసాపురం నుంచి వచ్చిన ఇంకో మాజీ సిపాయి చేతిలోని లడ్డు తినకుండానే అన్న దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"ఏ బస్సుకు పోతావు?" అన్నాడు మెల్లగా.

"పొద్దున బస్సుకు. మెల్లగా అడగనక్కర లేదు," అన్నాడు అన్న, మామకు వినబడేట్టు. "రా. కిటికీ సీటు మాత్రం నాది."