బాపు దుకాణంలో వైండింగ్

శంషాబాద్‌లో మా బాపుకు చిన్న దుకాణం ఉంది. రైతులు కాలిపోయిన బావి మోటార్లు తెస్తే, లోపలి మాడిన తీగ లాగేసి కొత్త రాగి తీగ చుట్టి ఇచ్చేవాడు. మేం ముగ్గురం ఆడపిల్లలం, నేను పెద్దదాన్ని. మధ్యాహ్నం అన్నం డబ్బా తీసుకెళ్లి, ఆయన చుట్లు లెక్కపెట్టడం అయ్యేదాకా గడప దగ్గరే నిలబడేదాన్ని. మధ్యలో పలకరిస్తే లెక్క తప్పేది.

పక్షవాతం వచ్చి బాపు కుడిచేయి పట్టు తప్పింది. దవాఖాన నుంచి ఇంటికొచ్చిన వారానికి మా చిన్నాన్న వచ్చాడు.

"కొడుకుంటే దుకాణంల కూసోబెడుతుంటివి. ఇగ ఎవలకన్న ఇచ్చెయ్యి అన్నా."

బాపు ఎడమచేత్తో కుడిచేతిని ఒళ్లోకి లాక్కున్నాడు. నేను చాయ్ గ్లాసులు కింద పెట్టి, "నేను కూసుంట" అన్నాను.

చిన్నాన్న నవ్వాడు. బాపు నవ్వలేదు. నావైపు తిరిగి, "రేపు తొందరగ లేవు" అన్నాడు, అంతే.

నెలపాటు పాత మోటార్లు విప్పాను, చుట్టాను, మళ్లీ విప్పాను. బాపు పక్కన కుర్చీలో కూర్చుని ఎడమచేత్తో చూపించేవాడు. తీగ లాగి లాగి వేళ్లు కోసుకుపోయేవి. గిరాకీలు నన్ను చూసి, "మళ్లొస్తం" అని వెళ్లిపోయేవాళ్లు.

ఒక రైతు మాత్రం మోటారు దించాడు. వరి పొట్టకొచ్చింది, నీళ్లు ఆగిపోయాయి, ఇంకో చోటికి తిరిగే ఓపిక ఆయనకు లేదు. రోజంతా కూర్చుని చుట్టాను. వార్నిష్ పోసి ఆరబెట్టాను. మర్నాడు ఆయన ముందే స్విచ్ వేస్తే మోటారు గుయ్‌మంది గాని తిరగలేదు.

"నేను ముందే అనుకున్న" అంటూ ఆయన మోటారు ఎత్తబోయాడు.

"కూసో అన్నా! నా బిడ్డ చూస్తలేదా?" అన్నాడు బాపు. పక్షవాతం వచ్చాక ఆయన అంత గట్టిగా మాట్లాడడం అదే మొదలు.

మోటారు మళ్లీ ముందుకు లాక్కున్నాను. విప్పి ఒక్కో అతుకూ చూసుకుంటూ వచ్చాను. ఒకచోట తీగ కొసలు తారుమారుగా కలిపేశానని తెలిసింది. సరిచేసి మళ్లీ స్విచ్ వేశాను. మోటారు తిరిగింది, కింది బల్ల అదిరేలా తిరిగింది! సాయంత్రం ఆ రైతు ఫోన్ చేశాడు.

"మడిల నీళ్లు పారుతున్నయి బిడ్డా."

ఇప్పుడు పొలాలు తగ్గాయి. ఎయిర్‌పోర్ట్ దారిలో లేచిన అపార్ట్‌మెంట్ల వాళ్లే ఎక్కువ వస్తున్నారు. మొన్న షాద్‌నగర్ నుంచి ఒక పెద్దాయన మోటారు ఆటోలో వేసుకొచ్చి, అదెట్లా కాలిందో బాపుకు వివరంగా చెప్పడం మొదలుపెట్టాడు. బాపు ఆయన్ను ఆపాడు.

"నాకెందుకు చెప్తవన్నా? మిస్త్రి ఆమె. ఆమెకు చెప్పు."

నేను చేతులు తుడుచుకుని ముందుకొచ్చాను.

"ఆగేటప్పుడు చప్పుడు ఎట్లొచ్చింది కాకా?"